ఇక్కడెందుకు నవ్వినారు

మా కాలేజీలో కొత్తగా చేరిన లెక్కల లెక్చరరుకి మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ చూసుకునే అలవాటు ఉంది. మొన్న శుక్రవారం స్టాఫ్ రూములో క్యారేజీ విప్పి, నీళ్ళ సీసాకి ఫోన్ ఆనించి, పాతకాలపు అమెరికా కామెడీ సీరియల్ ఒకటి పెట్టుకున్నాడు. నేను అటు చూడటం లేదు. ఇంటర్ రెండో ఏడాది వాళ్ళ పేపర్లు దిద్దుకుంటున్నాను. ఫోనులో ఎవరో మగమనిషి ఏదో అన్నాడు, దానికి ఒక ఆడమనిషి ఏదో బదులు చెప్పింది. నేను తల ఎత్తకుండానే "ఇప్పుడు నవ్వుతారు" అన్నాను. గుంపుగా నవ్వారు. లెక్కలాయన తినడం ఆపి నావైపు చూశాడు. "ఆగండి, ఇంకొకామె ఉంది" అన్నాను. నవ్వంతా సద్దుమణిగాక, చివర్న, ఒక్క ఆడగొంతు విడిగా నవ్వింది.

"ఈ సీరియల్ మీకు కంఠతా వచ్చా సార్?" అని అడిగాడతను.

రాదు. వాటిలో ఒక్కదాన్ని కూడా మొదటినుంచి చివరిదాకా చూసినవాణ్ణి కాను. ఈ విద్య నాకు నేర్పినాయనకు ఇంగ్లీషు కూడా రాదు. పలాస ఆస్పత్రిలో, డయాలసిస్ గదిలో, కిటికీ పక్క మంచం ఆయనది. పేరు రాయను. రాస్తే "నాకెందుకు మాస్టారూ ఈ గోల" అని ఉండేవాడు.

దిద్దుతున్న పేపర్లు సొరుగులో పడేసి, ఒంటిపూట సెలవు రాసిచ్చి, బండి తీశాను. ఎక్కడికి వెళ్తున్నానో పూండి దారి పట్టేదాకా నాకూ తెలియలేదు. దారంతా ఆయనే గుర్తుకొచ్చాడు.

పూండి దగ్గరి పల్లెలో మా అక్కనిచ్చారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళకోసం ఒక్క మాట చెప్తాను. కొబ్బరి చెట్లూ జీడితోటలూ ఉన్న చల్లటి పల్లెలు అవి. ఏ వీధికెళ్ళినా మూత్రపిండాలు చెడిపోయినవాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తారు. ఎందుకలా అవుతోందో ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్ళంటారు కొందరు, ఎండంటారు కొందరు. తేలనప్పుడు జనం చేతికి దగ్గరగా ఉన్నదాన్నే అనుమానిస్తారు. అందుకని బయటినుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఆ ఇళ్ళలో నీళ్ళు ముట్టరు. పెళ్ళిచూపులకొచ్చేవాళ్ళు సైతం సంచీలో సీసాలు పెట్టుకుని వస్తారు. ఇప్పుడు కుళాయి నీళ్ళొచ్చాయి, అయినా ఆ అలవాటు పోలేదు. నేను కూడా టెక్కలిలో నీళ్ళ సీసా కొని పట్టుకెళ్ళేవాణ్ణి. చదువుకున్నవాణ్ణి కదా, జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను దానికి.

అక్కకి వారానికి మూడు రోజులు డయాలసిస్. మంగళ, గురు, శనివారాలు. బావగారు తోట పని వదిలి రాలేడు. ఆ మూడు రోజులూ నాకు మధ్యాహ్నం క్లాసులుండవు కాబట్టి ఆ నాలుగు గంటలూ అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చునే పని నాకు వచ్చింది. అక్క ఊరి వైపు నుంచి అయిదారుగురు పేషెంట్లు ఒకే ఆటోలో వచ్చేవారు. అందులో ఆయనొకడు.

ఆయన్ని నేను ముందు చూడలేదు, విన్నాను. ఆ గదిలో యంత్రాల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరి మంచం మీద వాళ్ళు పైకప్పు చూస్తూ పడుకుంటారు. అలాంటి చోట వందమంది ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుంది? నేను ఉలిక్కిపడి స్టూలు మీంచి లేచాను. అక్క లేవలేక పడుకునే నవ్వింది. "కూకో తమ్ముడూ. మా ఆటోలో అన్నయ్య సినిమా అది" అంది.

కిటికీ పక్కన ఒక సన్నటి మనిషి, యాభై దాటి ఉంటాయి. ఎడమ చేతికి రెండు సూదులు, గొట్టాలు. కుడి చేతిలో అంచు పగిలిన ఫోను. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య చర్మం తెల్లగా పాలిపోయి ముడతలు పడి ఉంది. ఆయనకు ఒక చెవిలో మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకునే అలవాటు. రెండో చెవిది ఎప్పుడూ ఊడి వేలాడుతుండేది. నర్సు సౌండు తగ్గించమంటే తగ్గించేవాడు, ఆమె అటు వెళ్ళగానే కొంచెం పెంచేవాడు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నిజం చెప్పాలంటే ఆ నవ్వు ఆగినప్పుడే గది మరీ బోసిగా అనిపించేది.

పలాసలో సెల్ షాపు వాడొకడు మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చాడట. తొంభైల నాటి సీరియళ్ళు మూడో నాలుగో కలగలిసి ఉండేవి. ఒకదాంట్లో మొగుడూ పెళ్ళాం, ఒకదాంట్లో పెళ్ళికాని స్నేహితులు, ఒకదాంట్లో ఒక ముసలాయన. ఆయనకు అవన్నీ వేరువేరు కథలు కావు. వాళ్ళంతా ఒకే ఊరివాళ్ళు, ఇరుగుపొరుగు. ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి ఎందుకు వెళ్ళరని ఒకసారి అడిగాడు కూడా.

ఒక్కొక్క భాగాన్ని ఆయన ఆట అనేవాడు, సినిమా హాల్లో మొదటాట, రెండో ఆట అన్నట్టు. "నాలుగు గంటలంటే పది ఆటలు, ఓ ఇంటర్వెల్లు." గోడ గడియారం వైపు ఎవరూ చూసేవారు కాదు. ఆ మూల మంచంలోని ముసలమ్మ కూడా "ఎన్నో ఆటయ్యా?" అని ఆయన్నే అడిగేది. "తొమ్మిదో ఆట అయిపోతన్నాది పిన్నీ, మూట సర్దుకో" అనేవాడు.

రెండోవారమో మూడోవారమో నేను ఇంగ్లీషు పాఠాలు చెప్తానని అక్క ఆయనతో చెప్పేసింది. ఆయన వెంటనే బొమ్మ ఆపాడు.

"మాస్టారూ, ఇలగ రండి. ఇక్కడెందుకు నవ్వినారు?"

స్టూలు అటు జరుపుకుని చూశాను. సోఫాలో మొగుడు పేపరు చదువుతున్నాడు. పెళ్ళాం ఏదో చెప్తోంది. విన్నావా అంటే విన్నానంటాడు. అయితే ఏం చెప్పానో చెప్పు అంటుంది. "విన్నానన్నాను గాని, గుర్తుందన్నానా?" అంటాడతను. అది తెలుగులో పెట్టి చెప్పాను. హాస్యం ఎక్కడుందో కూడా కొంచెం వివరించాను, క్లాసులో చెప్పినట్టు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఇందులో నవ్వడానికేటున్నాది" అన్నాడు చివరికి. "మా ఇంట్లోనూ అంతే. ఆవిడ సెప్పేది, నాను ఊఁ కొట్టీవోణ్ణి." కాసేపాగి నవ్వాడు. ఆయన నవ్వు ఎప్పుడూ అంతే, అందరూ అయిపోయాక వచ్చేది. ఆయన భార్య అదే జబ్బుతో ఆయనకంటే ముందు పోయిందని అక్క తర్వాత చెప్పింది. పిల్లల్లేరు.

ఇక ఆ రోజు నుంచి నాకు అదే పని. వారానికి మూడు రోజులు, రోజుకి పది ఆటలు, ఆటకి ఆరేడుసార్లు "ఇక్కడెందుకు నవ్వినారు?" సగం నాకే తెలిసేది కాదు. అమెరికాలో ఏదో పట్టణం పేరు చెప్తే నవ్వుతారు, ఎవరో బేస్‌బాల్ ఆటగాడి పేరు చెప్తే నవ్వుతారు. తెలియదని ఒప్పుకోవడం నాకు చేతకాదు. ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. ఆయన నా మొహం చూసి "ఇది మీక్కూడా తెలీలేదు" అనేవాడు, నన్ను తేలిగ్గా వదిలేస్తూ.

విచిత్రం ఏమిటంటే, ఎందుకు నవ్వుతారో తెలియని మనిషికి ఎప్పుడు నవ్వుతారో కచ్చితంగా తెలిసేది. కళ్ళు మూసుకుని, వేలు ఎత్తి పెట్టి, "ఇప్పుడు" అనేవాడు. నవ్వేవారు. ఎలా తెలుసని అడిగితే ఓడ సంగతి చెప్పాడు. ఏళ్ళతరబడి సరుకు ఓడల్లో గిన్నెలు కడిగాడట. సిబ్బంది తినే హాలుకీ గిన్నెలు కడిగేచోటికీ మధ్య ఇనప గోడ. ఎంగిలి పళ్ళేలు రావడానికి అందులో ఒక కంత. హాల్లో టీవీ ఉండేది. సముద్రం మధ్యలో వేరే ఛానళ్ళు రావు కాబట్టి ఉన్న డిస్కులే తిప్పి తిప్పి వేసేవారు.

"బొమ్మ ఎప్పుడూ సూల్లేదు మాస్టారూ. కంతలోంచి పళ్ళేలొచ్చీవి, ఆ ఎనకే నవ్వొచ్చీది. గిన్నిలు తోముతూ అది ఇనీవోణ్ణి. ఇప్పుడు మంచాన పడ్డాక బొమ్మ సూత్తన్నాను."

అందుకేనేమో, అందరూ చూసేది ఆయన చూసేవాడు కాదు. ఒక పార్టీ సీనులో నలభైమంది కాఫీలు తాగి కప్పులు ఎక్కడంటే అక్కడ పెట్టేసి వెళ్ళిపోతే, "ఈ కప్పులన్నీ ఎవుడు కడుగుతాడు?" అన్నాడు. ఆట మారింది, కథ మారింది, ఆయన మనసు మాత్రం ఆ కప్పుల మీదే ఉంది.

అన్నిటికంటే ఆయన్ని వదలని సంగతి ఇంకొకటి. ఆ సీరియళ్ళలో పక్కింటివాడు తలుపు కొట్టడు. తోసుకుని వచ్చేస్తాడు. వచ్చినవాడు వచ్చినట్టు నేరుగా ఫ్రిజ్ దగ్గరికి పోయి, తెరిచి, చేతికందిన సీసా ఎత్తి తాగేస్తాడు. ఇంటాయన ఏదో సణుగుతాడు, జనం నవ్వుతారు. అలాంటిది వచ్చినప్పుడల్లా ఆయన నన్ను పిలిచేవాడు. అప్పుడు మాత్రం ఎందుకు నవ్వినారని అడిగేవాడు కాదు.

"సూడండి. ఇల్లుగలాయన్ని అడగలేదు. నోరెట్టి తాగీసినాడు. ఎంగిలి సీసా మళ్ళీ లోపలెట్టీసినాడు."

"వాళ్ళకి ఎంగిలి పట్టింపు లేదులెండి" అన్నాను.

"అది కాదు మాస్టారూ. అడక్కండా తాగినాడు." సూదులున్న చెయ్యి కదలకుండా జాగ్రత్తగా నావైపు తిరిగాడు. "మా ఇంట్లో ఒకలు నీల్లు తాగి ఎన్నేళ్ళయిందో. ఆవిడ దినానికొచ్చినోళ్ళు కూడా కొట్టుకాడికెల్లి తాగొచ్చినారు."

ఆయనకు రోజుకి రెండు గ్లాసుల నీళ్ళే. ఆ పైన తాగితే రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరు చేరుతుంది, బరువు చూసేటప్పుడు బయటపడుతుంది, నర్సు తిడుతుంది. ఫోనులో పక్కింటివాడు గటగటా తాగుతుంటే ఆయన గొంతు కూడా కదిలేది. "నా వాటా ఆడు తాగుతన్నాడు" అనేవాడు.

ఒకరోజు ఆయన ఒక నవ్వు దగ్గర మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి వింటున్నాడు. ఏమిటన్నాను. ఊడిన ఇయర్‌ఫోన్ తుడిచి నా చేతికిచ్చాడు. "ఆకర్న ఇనండి. ఒకావిడుంటాది. అందరూ అయిపోయాక నవ్వుతాది. ఆలీసంగా." నిజంగానే ఉంది. "ఈవిడ సేనా ఆటల్లో ఉంటాది. ఓడలో ఉన్నప్పుటి నుంచి ఎరుగుదును. నాలాగే, ఆలీసంగా తెలుస్తాది కాబోలు." అంతమంది నటుల పేర్లలో ఆయనకు ఒక్కటి కూడా తెలియదు. చీకట్లో ఎక్కడో కూర్చుని, ఒక్క క్షణం వెనకబడి నవ్విన ఆ ఆడమనిషిని మాత్రం ఆయన తన మనిషిగా లెక్కవేసుకున్నాడు.

అలాంటి మనిషి నన్ను ఇంటికి పిలవడం మొదలుపెట్టాడు. "ఓపాలి రండి మాస్టారూ." వెళ్దాం, వెళ్దాం అని నేను నెలలు గడిపాను. ఆఖరికి ఒక వేసవి ఆదివారం బయల్దేరాను.

అక్కుపల్లి వైపు, సముద్రం హోరు వినపడే దూరంలో ఊరు. జీడితోట అంచున రెండు గదుల ఇల్లు. తలుపు జానెడు తెరిచి ఉంది. నేను మర్యాదస్థుణ్ణి కదా, తట్టాను.

లోపలినుంచి జవాబు వెంటనే రాలేదు. మళ్ళీ తట్టాను.

"కొట్టకూడదు మాస్టారూ" అన్నాడాయన లోపలినుంచే. "తోసుకొచ్చీయాల."

లోపల ఒక సోఫా ఉంది. గోడకి ఆనించి కాదు, గదికి నడిమధ్యన. దాని చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఇదేమిటిలా అంటే "ఆళ్ళింట్లో అలగే కదా" అన్నాడు. సోఫాకి ఎదురుగా గోడవార ఒక పాత ఎర్ర ఫ్రిజ్, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ. నా ముందు పళ్ళెం నిండా ఉప్పు వేసి వేయించిన జీడిపప్పు పెట్టాడు. ఆయన ఒక్క పలుకు ముట్టలేదు, ఆయనకు ఉప్పు కూడదు.

మన వైపు ఇంటికొచ్చినవాడి చేతికి ముందు నీళ్ళిస్తారు. ఆయన ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు హాయిగా అనిపించింది, దాచడం దేనికి. ఇస్తే ఎలా వద్దనాలా అని దారంతా మథనపడుతూ వచ్చాను. నాకు ఆ ఇబ్బంది లేకుండా ఆయనే అర్థం చేసుకున్నాడనుకున్నాను.

"మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఏటి కావాలన్నా మీరే తీసుకోండి, నన్నడక్కండి" అన్నాడు. ఫోను సోఫా ముందున్న బల్ల మీద నిలబెట్టి ఒక ఆట పెట్టాడు. అందులో పక్కింటివాడు తోసుకొచ్చాడు, ఫ్రిజ్ తెరిచాడు, తాగాడు. జనం నవ్వారు. ఆయన ఫోను చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు. నేను ఆ అమెరికా ఫ్రిజ్ గురించి ఏదో వ్యాఖ్యానం చేశాను. "వాళ్ళకి ఇంట్లో నిల్వలు ఎక్కువండీ" అన్నట్టు గుర్తు.

జీడిపప్పు తినీ తినీ గొంతు ఎండిపోయింది. ఉక్కగా ఉంది. మాట్లాడుతూనే సంచీ జిప్పు లాగి, నా సీసా తీసి, పైకెత్తి పోసుకున్నాను.

ఆయన చూశాడు. గదిలో ఒక్క ఫోను మాత్రం మాట్లాడుతోంది. కాసేపాగి నవ్వాడు.

"మంచి పని సేసినారు మాస్టారూ. జాగర్తగా ఉండాల" అన్నాడు.

అదొక మామూలు మాట అనుకుని ఇంకో అరగంట కూర్చుని వచ్చేశాను. వచ్చేటప్పుడు ఆయన వాకిలిదాకా వచ్చి, నా వెనకనే తలుపు గడియ పెట్టుకున్నాడు. ఆ గడియ చప్పుడు ఇప్పుడు వినిపించినంత గట్టిగా అప్పుడు వినిపించలేదు.

ఆ తర్వాత మంగళవారం ఆయన రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. పలకరిస్తే పలికేవాడు, అక్క బాగోగులు అడిగేవాడు. ఎందుకు నవ్వినారని మాత్రం మళ్ళీ అడగలేదు. నీరసం అనుకున్నాను. నాకూ కొంచెం తెరిపిగానే ఉండి, స్టూలు మీద పేపర్లు దిద్దుకునేవాణ్ణి. గదిలో మళ్ళీ యంత్రాల చప్పుడే మిగిలింది. ముసలమ్మ ఎన్నో ఆట అని అడగడం మానేసి గోడ గడియారం వైపు చూసేది.

వానలు మొదలైన వారంలో ఒక గురువారం ఆ మంచం ఖాళీగా ఉంది. డయాలసిస్ గదిలో మంచం ఖాళీగా ఉంటే ఎందుకని ఎవరూ అడగరు. ఆటోలో వచ్చినవాళ్ళకి తెలుసు, రానివాళ్ళకి వాళ్ళ మొహాలు చూస్తే తెలుస్తుంది. అక్క మంచం మీద పడుకుని "అన్నయ్య ఎల్లిపోనాడురా" అంది, అంతే. ఇంటి దగ్గరే, పొద్దుటిపూట, సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. పాలు పోసే ఆమె తలుపు తట్టి తట్టి చూసిందట.

వారం తిరక్కుండా ఆ మంచం మీదికి ఇంకొకరు వచ్చారు. ఆరోజు అక్క, యంత్రం తిరుగుతుండగా, నావైపు చూడకుండా అడిగింది.

"నువ్వు ఆయనింటికెల్లినప్పుడు ఆ ఫ్రిజ్జు తెరిసినావేట్రా?"

"పరాయివాళ్ళింట్లో ఫ్రిజ్ నేనెందుకు తెరుస్తానే?"

అక్క దుప్పటి పైకి లాక్కుంది.

"ఆ ఫ్రిజ్జు నీకోసమే కొన్నాడురా, పాతది సూసి. శనివారం ఇక్కణ్ణించి ఎల్లేటప్పుడు నన్ను కూడా కొట్టుకి తీసుకెల్లినాడు. మాస్టారు సంచీలో ఉండీది ఏ సీసా సెల్లెమ్మా అనడిగినాడు. అచ్చంగా అలాటియ్యే డజను సీసాలు కొన్నాడు, సీలున్నయ్యి. మాస్టారుకి నాను ఇవ్వను, ఇత్తే వద్దంటాడు, ఆయనే లేచి తెరిసి తాగాల అన్నాడు. జీడిపప్పులో ఉప్పు ఎక్కువెయ్యమని నాతోనే సెప్పి ఏయించుకున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పొద్దన్నాడు. సెప్తే నాటకమైపోద్దన్నాడు." అక్క కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. "నాక్కూడా ఆశగానే ఉన్నాదిరా. అక్కడ తాగితే, తరవాత మా ఇంట్లో కూడా తాగుతావేమోనని."

నా సీసా నా కాళ్ళ దగ్గరే, సంచీలో ఉంది. అక్క ఇంటికి ఇన్నేళ్ళుగా దాన్ని పట్టుకెళ్తున్నాను. వెళ్ళగానే గుమ్మం పక్కన పెట్టేవాణ్ణి. టీ పెట్టాలంటే అక్క ఏమీ అనకుండా ఆ సీసాలోంచే నీళ్ళు వంపేది. తనకి తెలియదనుకున్నానా, లేక తెలిసినా ఫర్వాలేదనుకున్నానా? అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు. పరాయి దేశపు జోకులన్నీ విప్పి చెప్పినవాణ్ణి, ఆ మనిషి నాకోసం పన్నిన ఒకే ఒక్క సీను కళ్ళముందే జరుగుతుంటే తెలుసుకోలేకపోయాను. నాకు తెలిసేసరికి, ఆయన మాటల్లో చెప్పాలంటే, ఆలీసమైపోయింది.

దినాలకి కంచిలి నుంచి ఆయన తమ్ముడి వరస ఒకాయన వచ్చి ఇల్లు సర్దాడు. ఫ్రిజ్ మాత్రం మా అక్కకి ఇవ్వమని ఆయన ముందే చెప్పి ఉంచాడట. ఆటో మీద అక్క ఇంటికి వచ్చింది, లోపల ఉన్నది ఉన్నట్టే. అప్పటినుంచి అక్క ఇంటికి ఎన్నోసార్లు వెళ్ళాను. ఫ్రిజ్ ఉన్న గదిలోనే కూర్చున్నాను. దాని తలుపు మీద చెయ్యి వెయ్యలేదు, గుమ్మం పక్కన నా సీసా పెట్టడమూ మానలేదు. సిగ్గుపడటం వేరు, మారడం వేరు. ఏడాది గడిచిపోయింది.

మొన్న శుక్రవారం నేను వెళ్ళేసరికి అక్క వసారాలో కూర్చుని జీడిపప్పు మీది పొట్టు తీస్తోంది. బండి ఆపడం చూసి "ఈయేలప్పుడేట్రా, కాలేజీ లేదా?" అంది. చెప్పులు విప్పి, ఓరగా వేసి ఉన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. సంచీ బండికే వేలాడుతోంది.

ఫ్రిజ్ తెరిచాను. తలుపు అరలో ఒక్క సీసా, సీలు తియ్యనిది, నిలబడి ఉంది. అక్క పదకొండు వాడుకుని ఒకటి ఉంచింది. దాని వెనక, ఖాళీ అయిన ఆ సీసాల్లోనే ఇంటి నీళ్ళు పట్టి వరసగా పెట్టింది.

తలుపు చప్పుడు విని అక్క వసారాలోంచే చెప్పింది. "సీలున్నది నీదే తమ్ముడూ. అది తీసుకో."

దాన్ని అక్కడే ఉండనిచ్చాను. వెనకనున్న సీసా తీసి, మూత తిప్పి, ఎత్తి పోసుకోకుండా మూతి పెట్టి తాగాను. భయం వెయ్యలేదని అబద్ధం చెప్పను. అయినా సగం సీసా తాగాను.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతుల నిండా జీడి పొట్టు.

"అది మా నీల్లురా."

"తెలుసు."

"ఎంగిలి కూడా సేసీసినావు."

అవునన్నాను. సీసా మళ్ళీ లోపల పెట్టబోతుంటే అక్క చెయ్యి చాచింది.

"ఇలగియ్యి. ఇయ్యాల్టి నా వాటాలో ఓ గుక్క మిగిలున్నాది."

నేను తాగిన చోటే మూతి పెట్టి ఒక్క గుక్క తాగింది. చీర చెంగుతో మూతి తుడుచుకుంది. ఫ్రిజ్ వైపు చూసింది, నావైపు చూసింది. అంతా అయిపోయాక, కాసేపాగి, అక్క నవ్వింది.